మెట్లబావుల వెబ్‌సైట్ డైరీ: నాలుగో ఏడాది లెక్క

జూన్ మొదటి వారం

హైదరాబాద్‌లో మిగిలి ఉన్న మెట్లబావులనూ, పూడిపోయి జాడ మాత్రమే తెలిసినవాటినీ ఒకచోట నమోదు చేసి, ఎవరైనా ఫోనులో తెరిచి చూసుకోగల వెబ్‌సైట్‌గా పెట్టాలని మా కాలనీ మిత్రులం కొందరం నిర్ణయించుకున్నాము. బన్సీలాల్‌పేటలోని నాగన్నకుంట మెట్లబావి పూడిక తీత, మరమ్మతులు పూర్తయి 2022 డిసెంబరులో తెరుచుకున్న నాటి నుంచి, ఇటువంటివి నగరంలో ఇంకెన్ని ఉన్నాయని అడిగేవారు పెరిగారు. బాపూఘాట్ దగ్గరి బావి, గుడిమల్కాపూర్ బావి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో మహలఖా బాయి పేరుతో ఉన్న బావి చాలామంది విన్నవే. అపార్ట్‌మెంట్ల వెనకా, గుళ్ల ప్రాంగణాల్లోనూ ఉన్న చిన్న బావుల సంగతి మాత్రం పెద్దవాళ్లను అడిగి రాసుకుంటే తప్ప ఎక్కడా దొరకదు.

బృందంలో ఒక విశ్రాంత మున్సిపల్ ఇంజినీరు, ఒక తెలుగు టీచరు, లెక్కలు చూసే కోశాధికారి, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, నేను ఉన్నాము. చందాగా పోగైనది ఐదు వేల రూపాయలు. ఇందులోనే పేరు కొనాలి, సైటు నడవాలి, అవసరమైతే ఒక పాత లాప్‌టాప్‌కు మరమ్మతు చేయించాలి. జీతం ఇచ్చి ఎవరినీ పెట్టుకునే ప్రసక్తి లేదు.

నేను ముందే ఒక షరతు పెట్టాను. ఏ సాధనాన్ని ఎంచుకున్నా దాని ఖర్చును మొదటి ఏడాదికి కాకుండా నాలుగో ఏడాదికి లెక్క కట్టాలి. నాలుగో ఏడాదికి ఈ విద్యార్థులు చదువులు ముగించుకొని ఉద్యోగాల్లో ఉంటారు, చందా ఇచ్చినవారి ఉత్సాహం సగానికి పడిపోతుంది, ప్రారంభ తగ్గింపులన్నీ తీరిపోతాయి. అప్పటికీ నిలబడేదే మాకు చౌక.

జూన్ రెండో వారం

ధరలు విచారించే పని కోశాధికారిగారు తీసుకున్నారు. వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే చిన్న సంస్థ ఒకటి, డొమైనూ (సైటు పేరు), హోస్టింగూ (సైటును నెట్‌లో నిలిపే చోటు) కలిపి మొదటి ఏడాదికి చాలా తక్కువ ధర చెప్పింది. రెండో ఏడాది ఎంత అని ఆయన అడిగితే, అప్పటి రేటును బట్టి ఉంటుందన్నారు. కాగితం మీద రాసిమ్మని పట్టుబట్టాక, రెండో ఏడాది ధర మొదటిదానికి మూడింతలకు పైగా ఉందని తేలింది. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఈ రంగంలో ఇది మామూలే కనుక ఆ సంస్థను తప్పుపట్టడం లేదు. అయితే ధరల పట్టికలో పెద్ద అక్షరాలతో ఉన్న సంఖ్యను వదిలేసి, 'రెన్యువల్' అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న సంఖ్యనే నోటు పుస్తకంలో ఎక్కించాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాము.

ఇక ఉచిత సేవల సంగతి చర్చకు వచ్చినప్పుడు ఆయన వేసిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది.

"ఉచితమంటున్నారు, బాగానే ఉంది. ఎన్నాళ్లు ఉచితం? మానేస్తామంటే మన సరుకు మన చేతికి వస్తుందా?"

"వస్తుంది అంకుల్, ఫైళ్లన్నీ మన దగ్గర కూడా ఉంటాయి," అని విద్యార్థిని చెప్పింది.

"ఉంటాయంటే నమ్మనమ్మా, ఒకసారి వేరేచోట పెట్టి చూపించు."

అన్ని సాధనాలనూ మేము తూచిన తూకం ఇదే. సేవ ఆగిపోయినా, ధర పెరిగినా, వారం రోజుల్లో మూటాముల్లె సర్దుకొని మరోచోటికి వెళ్లగలమా లేదా అన్నది మొదటి ప్రశ్న. చూడటానికి బాగుందా, హంగులు ఎన్ని ఉన్నాయి అన్నవి ఆ తరువాతివి.

జూన్ మూడో వారం

పరిశీలించినవి ముఖ్యంగా మూడు దారులు.

సైట్లు కట్టే సాధనం వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. ఉచితమే, తెలుగులో వాడుకోవచ్చు, అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటరులో చదివిన పిల్లవాడైనా దాని మీద చేయి తిరిగినవాడే అయి ఉంటాడు. రాయడానికి, ఫొటో ఎక్కించడానికి అంతకంటె సులువైనది లేదు. అయితే దాని వెనక పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ప్రోగ్రాము నడవాలి, డేటాబేసు నడవాలి, ప్లగిన్లను (అదనపు హంగుల కోసం తగిలించుకునే ముక్కలను) ఎప్పటికప్పుడు కొత్త రూపాలకు మార్చుకుంటూ ఉండాలి. ఆరు నెలలు ఎవరూ పట్టించుకోకపోతే పాతబడిన ప్లగిన్ల సందుల్లోంచి చొరబాటుదార్లు దూరుతారు. రోజూ ఎవరో ఒకరు చూసుకునే పత్రికకో దుకాణానికో అది తగినది. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే మారే బావుల జాబితాకు అంత యంత్రాంగం ఎందుకన్నది నా అభిప్రాయం. ఇంజినీరుగారు ఒప్పుకోలేదు, రేపు ఎవరు వచ్చినా నడపగలిగేది అదే కదా అన్నారు. ఆ వాదనలో బలముంది. దాన్ని తేల్చుకోవడానికే ఆ తరువాత అప్పగింత పరీక్ష పెట్టుకున్నాము.

గూగుల్ సైట్స్ పూర్తిగా ఉచితం, ఎవరైనా అరగంటలో నేర్చుకోగలరు. కానీ పేజీల రూపురేఖల మీద మనకు అధికారం తక్కువ, అక్కడ కట్టుకున్న పేజీలను అదే అమరికతో ఎత్తుకుపోయి మరోచోట పెట్టుకోవడం కష్టం. కోశాధికారిగారి ప్రశ్న దగ్గరే అది ఆగిపోయింది.

మూడోది స్టాటిక్ సైటు. పేజీలన్నిటినీ ముందుగానే మన లాప్‌టాప్‌లో తయారుచేసి, తయారైన ఫైళ్లను మాత్రమే నెట్‌లో పెట్టే పద్ధతి ఇది. చూడటానికి వచ్చినవారికి సర్వరు ఏమీ వండి వడ్డించనక్కరలేదు, ఉన్న ఫైలును అందిస్తే చాలు. డేటాబేసు లేదు, లాగిన్ పేజీ లేదు, చొరబడటానికి తలుపే లేదు. ఇటువంటి పేజీలను తయారుచేసే సాధనాల్లో 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో పేరున్నవి. జెకిల్‌కు రూబీ భాష సరంజామా అంతా కంప్యూటరులో దించుకోవాలి. హ్యూగో ఒకే ఒక్క ఫైలు, దించుకుంటే పని మొదలవుతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటరు మార్కెట్‌లో కొన్న పాత లాప్‌టాప్‌లో కూడా మా నమూనా పేజీలన్నీ రెప్పపాటులో తయారయ్యాయి. హ్యూగోను ఎంచుకున్నాము.

సైటును నిలిపే చోటుగా, మన ఫైళ్లను దాచుకొని వాటినే సైటుగా చూపించే గిట్‌హబ్ పేజెస్ సేవను తీసుకున్నాము. దాని ఉచిత పరిమితులు చదివి లెక్క వేసుకున్నాము. ప్రచురించిన సైటు 1 గిగాబైటు మించకూడదు, నెలకు 100 గిగాబైట్ల రాకపోకల వరకు అభ్యంతరం లేదు. ఒక్కో పేజీ ఫొటోలతో సహా అర మెగాబైటు అనుకుంటే, నెలలో రెండు లక్షల సార్లు తెరిచినా ఆ హద్దు దాటదు. మా బావులను చూడటానికి అంతమంది వస్తే అది పండగే. ఎందుకైనా మంచిదని అటువంటిదే మరో సేవ అయిన క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో కూడా అదే సైటును ఒకసారి నిలబెట్టి, కోశాధికారిగారికి చూపించి, తీసేశాము. ఆయన నోటు పుస్తకంలో 'తరలింపు: సాధ్యం' అని రాసుకున్నారు.

జూలై మొదటి వారం

ఈ వారమంతా బావుల వివరాలు నింపే షీటు మీదే గడిచింది. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో అసలైన ఆస్తి ఇదే. వెబ్‌సైట్ దాని మీద తొడిగిన చొక్కా మాత్రమే. చొక్కా చిరిగితే ఇంకొకటి కుట్టించుకోవచ్చు.

గూగుల్ షీటులో ఒక్కో బావికి ఒక్కో వరుస. నిలువు గళ్లు ఏవి ఉండాలన్న దాని మీద వాదోపవాదాలు బాగానే జరిగాయి. టీచరుగారు బావి కథకు పెద్ద గడి కావాలన్నారు, ఇంజినీరుగారు లోతు, వ్యాసం, మెట్ల సంఖ్య, ఒరల స్థితి, నీటి మట్టం అన్నారు. చివరికి తప్పనిసరి గళ్లు కొన్నే ఉంచి, మిగిలినవి తెలిస్తేనే నింపమన్నాము. తప్పనిసరి గళ్లు ఇవి: పేరు, ఇతర పేర్లు, ప్రాంతం, అక్షాంశం, రేఖాంశం, స్థితి, చూసిన తేదీ, సమాచారం ఎవరి ద్వారా వచ్చింది.

'స్థితి' గడిలో ఎవరికి తోచింది వారు రాయకుండా నాలుగు మాటల జాబితా పెట్టాము: నీరుంది, ఎండింది, పూడింది, జాడ లేదు. షీటులో డేటా వాలిడేషన్ అనే సదుపాయంతో ఇది నిమిషంలో అయ్యే పని. ఈ ఒక్క కట్టుబాటు వల్ల సైటులో 'నీరున్న బావులు మాత్రమే చూపు' అనే మీట పెట్టడం సాధ్యమైంది. అది లేకపోతే ఒకరు 'నీళ్లు ఉన్నాయి' అనీ, మరొకరు 'కొంచెం నీరు' అనీ, ఇంకొకరు 'వానాకాలంలో నిండుతుంది' అనీ రాస్తారు. మనిషి చదివితే మూడూ అర్థమవుతాయి, యంత్రానికి మూడూ వేర్వేరు. వానాకాలం సంగతి ముఖ్యమే కనుక దాన్ని చూసిన తేదీ నుంచి గ్రహించవచ్చు, లేదా వివరాల గడిలో రాయవచ్చు.

'చూసిన తేదీ' ఎందుకు తప్పనిసరి అన్నది ఇంజినీరుగారి మాటల్లోనే చెప్పడం మేలు: "బావి గురించి తేదీ లేని మాట, మందుసీసా మీద గడువు తేదీ చెరిగిపోయినట్టే."

'ఇతర పేర్లు' గడి టీచరుగారి పట్టుదల ఫలితం. మెట్లబావి, దిగుడుబావి, బావ్లీ, బౌలి అంటూ ఒకే బావిని బస్తీకొక పేరుతో పిలుస్తారు. గుడి వైపు వారు ఒక పేరు చెబితే, దర్గా వైపు వారు మరో పేరు చెబుతారు. అన్నీ రాసుకుంటేనే వెతికేవారికి దొరుకుతుంది.

షీటు నుంచి సైటుకు దారి ఇలా వేశాము. షీటును సీఎస్‌వీ ఫైలుగా (గళ్ల మధ్య కామాలుండే మామూలు పాఠం) దించుకొని హ్యూగో ఫోల్డరులో పెడతాము. వరుసకొక పేజీ చొప్పున హ్యూగోయే తయారుచేస్తుంది. 2024లో హ్యూగోలో 'కంటెంట్ అడాప్టర్' అనే సదుపాయం వచ్చిన తరువాత దీనికి విడిగా ప్రోగ్రాము రాయనవసరం లేకుండా పోయింది. షీటును సైటుకు నేరుగా అతికించి, అందులో మార్చిన మరుక్షణం సైటు మారేలా చేయవచ్చని విద్యార్థి ఒకరు సూచించారు. నేను వద్దన్నాను. మధ్యలో ఒక మనిషి కన్ను పడటం మంచిది. పైగా సీఎస్‌వీ ఫైలు పాత రూపాలన్నీ ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లో తేదీలతో సహా నిలిచి ఉంటాయి కాబట్టి, ఏ బావి వివరం ఎప్పుడు మారిందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

జూలై, బోనాల తరువాత

ఉజ్జయినీ మహంకాళి బోనాల హడావిడిలో ఒక ఆదివారం పని సాగలేదు. ఆ తరువాత ఫొటోలు పట్టుకున్నాము.

ఫోనులో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. మూడు వందల ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు పెడితే గిగాబైటు హద్దు అక్కడే దాటిపోతుంది, ప్రీపెయిడ్ డేటా మీద చూసేవారికి పేజీ కదలదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు కుదించి, వెబ్‌పీ అనే తక్కువ బరువు బొమ్మల రూపంలోకి మార్చితే దాదాపు 200 కిలోబైట్లకు వస్తుంది. అంటే మూడు వందలూ కలిపి 60 మెగాబైట్లు. ఒకటి రెండు ఫొటోలకైతే బ్రౌజరులోనే పనిచేసే స్క్వూష్ చాలు, మొత్తం ఫోల్డరుకైతే ఇమేజ్‌మ్యాజిక్ ఒక్క ఆదేశంతో పూర్తిచేస్తుంది. రెండూ ఉచితమే.

ఫొటోలతో అసలు చిక్కు వేరే ఉంది. అందరూ వాట్సాప్‌లోనే పంపుతారు, వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోను కుదించడంతో పాటు అందులో దాగి ఉండే తీసిన చోటు, తీసిన సమయం వివరాలను తొలగిస్తుంది. బావి ఎక్కడుందో తెలియడానికి మాకు కావలసినవి సరిగ్గా అవే. అందుకని 'ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా జోడించి పంపండి' అని, ఆ మీట ఎక్కడుందో బాణం గుర్తుతో చూపించే బొమ్మను గ్రూపులో పెట్టాము. అలా వచ్చిన ఫొటో నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకొని షీటులో వేసి, సైటులో పెట్టే ప్రతి నుంచి మాత్రం ఆ వివరాలను తుడిచేస్తున్నాము. ఎవరి ఇంటి పెరట్లోనో నిలబడి తీసిన ఫొటో, వారి ఇంటి జాడను ఊరంతా చాటకూడదు కదా.

మంచి ఫొటోల పూర్తి ప్రతులను, తీసినవారి అనుమతితో, వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల భండారంలో ఎక్కిస్తున్నాము. స్వేచ్ఛా లైసెన్సుతో ఇవ్వడానికి తీసినవారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే దాచే ఖర్చు మాకు లేదు, తెలుగు వికీపీడియా వ్యాసాలకూ పనికొస్తుంది. ఇద్దరు ఒప్పుకోలేదు. వారి ఫొటోలు మా సైటులో వారి పేరుతోనే ఉంటాయి.

జూలై చివరి వారం

పటం. గూగుల్ మ్యాప్స్‌ను ప్రోగ్రాము ద్వారా వాడుకోవాలంటే బిల్లింగు ఖాతా తెరిచి కార్డు జోడించాలి. ఉచిత వాడకం కొంత ఉన్నా, ఎవరి కార్డు అన్న ప్రశ్నకు మా బృందంలో జవాబు లేదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్ని లీఫ్‌లెట్ అనే చిన్న లైబ్రరీతో చూపిస్తున్నాము. లీఫ్‌లెట్ పరిమాణం సుమారు 42 కిలోబైట్లు. పటం కింద వారి పేరు తప్పక చూపాలి, వారి సర్వరు మీద భారీ రద్దీ వేయకూడదు, ముఖ్యమైన షరతులు ఇవే. రద్దీ తగ్గించడానికి పటం దానంతటదే తెరుచుకోకుండా, 'పటం చూడండి' అని నొక్కినప్పుడే వచ్చేలా పెట్టాము. పాత ఫోన్లకు కూడా దీనివల్ల మేలు జరిగింది.

పటానికి బావుల జాబితాను జియోజేసన్ అనే ఫైలు రూపంలో ఇవ్వాలి. అందులో ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం రాయాలి. జనం నోట వచ్చే వరుస దీనికి తలకిందులు. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆ రెండూ తారుమారైతే బావి వెళ్లి ఉత్తర ధ్రువం దాపున నార్వేకు చెందిన స్పిట్స్‌బర్గెన్ దీవి మంచులో తేలుతుంది. కాబట్టి షీటులోనే ఒక కాపలా పెట్టాము: అక్షాంశం 17కూ 18కూ మధ్య, రేఖాంశం 78కీ 79కీ మధ్య లేకపోతే ఆ గడి ఎర్రబడుతుంది. దశాంశ బిందువు తరువాత ఐదు అంకెలుంటే బావి చోటు మీటరు అటూ ఇటూగా తెలుస్తుంది. రెండే అంకెలుంటే కిలోమీటరు తేడా రావచ్చు, అంటే బన్సీలాల్‌పేట బావి పద్మారావునగర్ వీధుల్లో ఎక్కడో కనిపించవచ్చు.

ఆగస్టు మొదటి పక్షం

తెలుగు అక్షరాల విషయంలో ఉచిత సాధనాలు ఇంకా ఎంత వెనకబడి ఉన్నాయో ఈ పక్షంలో తెలిసివచ్చింది. ఇక్కడ డబ్బు ఖర్చు లేదు, ఓపిక ఖర్చు మాత్రం ఉంది.

ముందు ఫాంటు. తెలుగు ఫాంటును సైటుతో పాటు పంపితే ప్రతి పేజీ బరువెక్కుతుంది. అవసరమా అని ఆలోచిస్తే, ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది. విండోస్‌లో నిర్మల, అంతకు ముందటి వాటిలో గౌతమి ఉన్నాయి. ఆపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు ఉంది. చదివే పాఠానికి ఆ పరికరంలో ఉన్న ఫాంటునే వాడమని చెప్పి, సైటు పేరుకు మాత్రం మండలి ఫాంటుతో ఒక బొమ్మ చేయించుకున్నాము. ఫాంటు బరువు సున్నా.

తరువాత వరుసల మధ్య ఎడం. మేము తీసుకున్న ఉచిత థీమును (పేజీల రూపురేఖల నమూనాను) గుడులూ ఒత్తులూ లేని లిపి కోసం గీశారు. శీర్షికల్లో వరుస ఎత్తు అక్షరం ఎత్తుకు 1.2 రెట్లే ఉండటం వల్ల, పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి. శీర్షికలకు 1.5, పాఠానికి 1.7 చేశాక ఊపిరి ఆడింది. అక్షరాల మధ్య అదనపు ఖాళీ పెట్టే ఏర్పాటును కూడా తీసేశాము. తెలుగులో అది చూడటానికి పళ్లు ఊడిన నోరులా ఉందని టీచరుగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

లింకుల్లో తెలుగు పెట్టాలా వద్దా అన్నది అన్నిటికంటె ఎక్కువ చర్చ జరిగిన అంశం. భాషాభిమానం పెట్టమంటుంది. అయితే తెలుగు లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు అది శాతం గుర్తుల గొలుసుగా మారుతుంది. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటుకు మూడు గుర్తులు. అంటే సంకేతానికి తొమ్మిది. 'బావి' అన్న రెండక్షరాల మాటలో బకారం, దీర్ఘం, వకారం, గుడి అని నాలుగు సంకేతాలుంటాయి కాబట్టి అది లింకులో ముప్పై ఆరు గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో లింకు పేరుకు 200 గుర్తుల హద్దు ఉంది. అందులో 'ఉస్మానియా విశ్వవిద్యాలయం' అన్న పేరు కూడా పూర్తిగా పట్టదు. కోడలి ఫోనులో లింకు చూసి అది వైరస్సేమోనని తెరవని అత్తగార్లు మా కాలనీలోనే ఉన్నారు. అందుచేత లింకుల్లో ఇంగ్లీషు అక్షరాలతో చిన్న పేర్లు, పేజీల్లో అంతా తెలుగు అని రాజీ పడ్డాము.

వెతకడం దగ్గర ఇంకో ముడి పడింది. 'బన్సీలాల్‌పేట' అని రాసేటప్పుడు 'ల్' తరువాత 'పే' ఒత్తుగా మారి అతుక్కోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. అది లేకపోతే పేరు 'బన్సీలాల్పేట' అయిపోతుంది. లాప్‌టాప్‌లో టైపు చేసిన టీచరుగారి పాఠంలో ఆ సంకేతం ఉంది, ఫోనులో టైపు చేసి వెతికేవారి మాటల్లో చాలావరకు ఉండదు. కంటికి ఎంత దగ్గరగా ఉన్నా యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు, వెతికితే 'ఏమీ దొరకలేదు' అని వస్తుంది. పేజీలో కనిపించే పేరును అలాగే ఉంచి, వెతికే సూచికలోనూ వెతికే పెట్టెలోనూ ఆ సంకేతాన్ని తీసేసి పోల్చేలా విద్యార్థిని రెండు వరుసల కోడు రాసింది. హైదరాబాద్ పేర్లలో ఈ కనిపించని సంకేతం అడుగడుగునా ఉంది: దిల్‌సుఖ్‌నగర్‌లో, మల్కాజ్‌గిరిలో. తెలుగు సైటు కట్టే ప్రతివారూ మొదటి రోజే ఈ రెండు వరుసలూ రాసుకోవడం మంచిది.

విభక్తుల సంగతి సగమే తీరింది. మాట మొదలు నుంచి పోల్చే పద్ధతిలో 'బావి' అని వెతికితే 'బావిలో', 'బావికి' దొరుకుతాయి, 'బావులు' దొరకదు. దానికి 'ఇతర పేర్లు' గడిలోనే బహువచనం కూడా వేసి సర్దుకున్నాము.

గుడి కమిటీ ఒకటి తమ బావి చరిత్రను కరపత్రం ఫైలుగా ఇచ్చింది. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంటులో డీటీపీ చేసినది కావడంతో యూనికోడ్‌లోకి మార్చుకొని, మార్పులో చెదిరిన ఒత్తులను టీచరుగారు చేత్తో దిద్దారు.

ఆగస్టు చివరి వారం

పేరు కొన్నాము. డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీని 2005 నుంచి నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) చూస్తోంది. ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది, ఒకేసారి పదేళ్ల వరకు కట్టుకోవచ్చు. ఏటేటా గుర్తుపెట్టుకొని కట్టే పని మనుషులు మారే బృందాలకు కుదరదు; కార్డు నుంచి తనంతట తాను కట్టుకుంటుందని నమ్ముకుంటే, ఆ కార్డు గడువు ముగిసిన రోజున పేరు పోతుంది. చందాలో పెద్ద భాగం పెట్టి నాలుగేళ్లకు ఒకేసారి కట్టేశాము, యూపీఐలోనే. డొమైను తెలుగు లిపిలోనే 'భారత్' అన్న ముగింపుతో కూడా దొరుకుతుంది. మనసు లాగింది గానీ, లింకుల విషయంలో చూసిన చిక్కులే అక్కడా ఉన్నాయని ప్రస్తుతానికి వదిలేశాము.

డొమైను, గిట్‌హబ్, షీటు మూడూ ఎవరి సొంత మెయిలుతోనూ కాకుండా ప్రాజెక్టు పేరుతో తెరిచిన మెయిలుతో ఉన్నాయి. రెండో అంచె భద్రతకు వచ్చే ఓటీపీ ఒక్కరి ఫోనుకే కట్టుబడి ఉంటే ఆ ఒక్కరు ఊళ్లో లేనప్పుడు పని ఆగుతుంది కనుక, అత్యవసర కోడ్‌లను అచ్చు తీసి కోశాధికారిగారి బీరువాలో ఒక ప్రతి, టీచరుగారి దగ్గర ఒక ప్రతి ఉంచాము. బావి సమాచారం పంపేవారి ఫోను నంబర్లను సైటులో అడగడం లేదు. అడిగితే దాచాలి, దాస్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం దానికి బాధ్యత వహించాలి. అడగకపోవడమే చౌక.

సెప్టెంబరు మొదటి పక్షం

అప్పగింత పరీక్ష. సైటు కట్టడంలో చేయి పెట్టని ఇంజినీరుగారికి, రాసి ఉంచిన సూచనల కాగితాన్ని మాత్రం ఇచ్చి, తన సొంత కంప్యూటరు మీద ఒక కొత్త బావిని చేర్చి ప్రచురించమన్నాము. మేమంతా పక్క గదిలో టీ తాగుతూ కూర్చున్నాము, అడిగినా చెప్పకూడదని ఒప్పందం.

షీటులో వరుస చేర్చడం, సీఎస్‌వీ దించడం ఆయనకు ఇబ్బంది కాలేదు. గిట్ ఆదేశాల దగ్గర ఆగిపోయారు. "ఈ నల్ల తెరలో అక్షరం తప్పితే ఏమవుతుందో నాకు తెలియదు, తెలియనిదాన్ని నేను నొక్కను," అన్నారు. అది సరైన జాగ్రత్తే. వర్డ్‌ప్రెస్ కోసం ఆయన చేసిన వాదన ఇక్కడ నెగ్గింది; కానీ దానికి మందు వర్డ్‌ప్రెస్ కాదని తేలింది. గిట్‌హబ్ వెబ్ పేజీలోనే 'ఫైలు ఎక్కించు' అనే మీట ఉంది, సీఎస్‌వీని అక్కడ వేస్తే చాలు. ఆ తరువాత హ్యూగో నడిచి పేజీలు తయారయ్యే పని గిట్‌హబ్ యాక్షన్స్ తనంతట తాను చేస్తుంది. విద్యార్థులు ఆ ఏర్పాటు చేసి, సూచనల కాగితం నుంచి నల్ల తెర మాటే తీసేశారు. మరుసటి ఆదివారం ఇంజినీరుగారు బావిని చేర్చి, అది సైటులో కనిపించేదాకా పేజీని తాజా చేస్తూ కూర్చొని, ఆ వెంటనే ఇంకో రెండు చేర్చారు. ఇప్పుడు షీటులోని కొలతల గళ్లన్నీ ఆయనే చూస్తున్నారు.

ఇప్పటివరకు ఖర్చు: డొమైను, అచ్చు కాగితాలు, పాత లాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ. లాప్‌టాప్ విద్యార్థిదే, బ్యాటరీ మాత్రం చందాలోంచి. మిగిలిన కొద్ది మొత్తం నాలుగో ఏడాది చివర చేయవలసిన డొమైను పొడిగింపు కోసం విడిగా ఉంచారు.

తరువాతి పని ఉర్దూ పేజీలు. పాత నగరంలో బావుల గురించి చెప్పిన పెద్దలు చాలామంది చదివేది ఉర్దూలోనే. హ్యూగోలో బహుభాషల ఏర్పాటు ముందే ఉంది, షీటులో ఉర్దూ పేరుకూ వివరానికీ రెండు గళ్లు చేర్చితే సరిపోతుంది. కానీ పేజీ కుడి నుంచి ఎడమకు నడవాలి, మా థీము అందుకు సిద్ధంగా లేదు. తెలుగుకు ఫాంటు పంపకుండా గడిచినట్టు ఉర్దూకు గడవదు. నస్తలీఖ్ అనే ఏటవాలు ఉర్దూ రాతకు అలవాటుపడినవారికి అన్ని ఫోన్లలో ఆ ఫాంటు సిద్ధంగా ఉండదు, నోటో నస్తలీఖ్ ఉర్దూను సైటుతో పాటు పంపవలసిందే. దాని బరువు ఎంతవుతుందో, పాత ఫోనులో ఎలా కనిపిస్తుందో కొలిచాక మిగిలినది రాస్తాను. అక్షరదోషాలు చూడటానికి ఉర్దూ చదవగల ఒకరు వచ్చే నెల నుంచి బృందంలో చేరుతున్నారు.